దూకుతూ పోతే పాత్ర ఎదుగుతుందా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. విశాలమైన లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ ఒక పాత్రను పెంచుకునే ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ గేముల్లో పాత్ర నడక, పరుగు, దూకడం, ఎక్కడం ఆట సాగేకొద్దీ ఎలా మెరుగుపడతాయి, వాటి మీద పాయింట్లు ఖర్చు పెట్టడం లాభమా నష్టమా అని పలువురు అడిగారు. కత్తుల గురించి, మంత్రాల గురించి, కవచాల గురించి ఎంతోమంది రాస్తారు గానీ కాళ్ళ గురించి రాసేవారు తక్కువ. ఇలాంటి ఆటల్లో మనం గడిపే సమయంలో పెద్ద భాగం ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్ళడంలోనే గడుస్తుంది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఈ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను 2006 నాటి ‘ఆబ్లివియన్’ ఆడుతున్నాను. స్నేహితుడి సలహా మీద అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్ రెండింటినీ మేజర్ స్కిల్స్‌గా పెట్టుకుని, ఎక్కడికి వెళ్ళినా దూకుతూనే వెళ్ళాను. లెవెల్ 14కి చేరాను. ఇప్పుడు దారి కాచే మామూలు దొంగల చేతిలో కూడా చచ్చిపోతున్నాను. ఎక్కడ పొరపాటు జరిగింది?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: దూకడంలో పొరపాటు లేదు. దూకిన ప్రతిసారీ అది మీ లెవెల్ లెక్కలో జమ అయ్యేలా పెట్టుకోవడంతో చిక్కు వచ్చింది. ఆ ఆటలో మొత్తం 21 స్కిల్స్ ఉంటాయి. వాటిలో ఏడింటిని మేజర్‌గా ఎంచుకుంటారు. ఏ స్కిల్ అయినా వాడితేనే పెరుగుతుంది. పరిగెత్తినా, ఈదినా అథ్లెటిక్స్ పెరుగుతుంది. దూకినా, ఎత్తు నుంచి పడి దెబ్బ తగిలించుకున్నా అక్రోబాటిక్స్ పెరుగుతుంది. మేజర్ స్కిల్స్ అన్నీ కలిసి 10 మెట్లు పెరిగాక మంచం మీద నిద్రపోతే ఒక లెవెల్ వస్తుంది. ఇంతవరకు న్యాయంగానే ఉంది. అయితే ఎదురుపడే శత్రువుల బలాన్ని కూడా ఆ ఆట చాలావరకు మీ లెవెల్‌ను చూసే నిర్ణయిస్తుంది. మీ కాళ్ళు లెవెల్‌ను 14కి తీసుకెళ్ళాయి, కత్తి పట్టిన చెయ్యి మాత్రం మొదటి రోజు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. ఇలాగే కొనసాగితే మునుముందు ఆ దొంగలే గాజు కవచాలు తొడుక్కుని వస్తారు, అప్పుడు పరిస్థితి ఇంకా కష్టమవుతుంది.

రెండో కారణం కంటికి అంత తేలికగా కనిపించదు. లెవెల్ వచ్చినప్పుడల్లా పాత్ర లక్షణాల్లో (స్పీడ్ అంటే వేగం, ఎండ్యూరెన్స్ అంటే తట్టుకునే శక్తి లాంటివి) మూడింటిని పెంచుకోమని ఆట అడుగుతుంది. ఒక్కొక్కటి ఎంత పెరుగుతుందన్నది దాని కిందికి వచ్చే స్కిల్స్ ఆ లెవెల్‌లో ఎన్ని మెట్లు ఎక్కాయన్న దాన్ని బట్టి ఉంటుంది: పది మెట్లు ఎక్కితే 5 పాయింట్లు, ఒక్కటీ ఎక్కకపోతే 1 పాయింటు. మీరు పెంచిన రెండు స్కిల్సూ స్పీడ్ కిందికే వస్తాయి. కాబట్టి స్పీడ్ మాత్రం చకచకా పెరిగి, ఎండ్యూరెన్స్ వెనకబడిపోయింది. ప్రతి లెవెల్‌కూ మీ ఆరోగ్యానికి కలిసేది ఆనాటి ఎండ్యూరెన్స్‌లో పదో వంతు మాత్రమే; తర్వాత ఎండ్యూరెన్స్‌ను ఎంత పెంచినా వెనకటి లెవెల్స్‌లో పోగొట్టుకున్నది తిరిగి రాదు. నిమిషంలో నేలకొరగడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పటికైనా చేయదగినవి ఉన్నాయి. కొన్నాళ్ళపాటు మంచం జోలికి వెళ్ళకండి. నిద్రపోనంతకాలం లెవెల్ పెరగదు, శత్రువులు ఇక్కడే ఆగుతారు. ఆ వ్యవధిలో కత్తి, డాలు, కవచం స్కిల్స్‌ను సాధన చేయండి. అవి మీకు మైనర్ స్కిల్స్ (మేజర్‌గా ఎంచుకోని మిగతావి) అయితే మరీ మంచిది, ఎంత పెంచినా లెవెల్ భారం పడదు. గురువుల దగ్గర ఒక్కో లెవెల్‌లో ఐదుసార్లు డబ్బిచ్చి నేర్చుకునే వీలుంది, ఆ ఐదింటినీ వృథా చేయవద్దు. మరీ ఇబ్బందిగా ఉంటే ఆట కష్టాన్ని తగ్గించే మీట సెట్టింగ్స్‌లో ఉంది. దాన్ని వాడుకోవడానికి మొహమాటపడనవసరం లేదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన రీమాస్టర్‌లో, అంటే అదే ఆటకు మెరుగులు దిద్దిన కొత్త రూపంలో, ఈ లెక్కల బెడదను చాలావరకు తీసేశారు: మైనర్ స్కిల్స్ కూడా లెవెల్‌కు తోడ్పడతాయి, ప్రతి లెవెల్‌కూ 12 పాయింట్లు ఇచ్చి మూడు లక్షణాలకు మీ ఇష్టప్రకారం పంచుకోమంటారు, ఒక్కోదానికి ఐదుకు మించకూడదు. వేగంగా దౌడు తీసే సదుపాయమూ చేర్చారు.

మీ అనుభవం వెనక ఒక మూల ప్రశ్న ఉంది. ‘వాడితే పెరుగుతుంది’ అన్న సూత్రం కత్తికి చక్కగా నప్పుతుంది. ఎదుట శత్రువు ఉంటేనే కత్తి దూస్తాం, దూసిన ప్రతిసారీ ప్రాణాలకు తెగిస్తాం. కాళ్ళ సంగతి అలా కాదు. అవి ఎప్పుడూ ఆడుతూనే ఉంటాయి, వాటి ఎదుగుదలలో మనం తీసుకున్న నిర్ణయమంటూ ఏమీ ఉండదు. అందుకే ఆ ఆట దూకడాన్ని ఆనందంగా కాక పనిగా మార్చేసింది. అదే ఆటలో నాకు ఎంతో నచ్చిన విషయమూ ఈ స్కిల్‌లోనే ఉంది. అక్రోబాటిక్స్ 50 చేరితే పక్కకు దొర్లి దెబ్బ తప్పించుకోవచ్చు; 100 చేరితే నీటి మీదనే కాలు మోపి మళ్ళీ ఎగరవచ్చు. నిన్నటిదాకా ఈదుకుంటూ దాటిన చెరువును ఈరోజు గెంతుతూ దాటడం, నా దృష్టిలో, అంకె 99 నుంచి 100 కావడం కంటే ఎంతో పెద్ద ఎదుగుదల.

ప్రశ్న: ‘మారోవిండ్’ గొప్ప ఆట అని విని మొదలుపెట్టాను. పాత్ర నత్తలా నడుస్తోంది, పరిగెత్తిస్తే చిన్న ఎండ్రకాయను కూడా కొట్టలేకపోతోంది. ఇరవై ఏళ్ళు దాటిన ఆట కాబట్టి ఇలా ఉందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: పాతది కావడం వల్ల కాదండీ, 2002లో దాన్ని తయారుచేసినవారు అలాగే ఉండాలని రూపొందించారు. దెబ్బ తగలకపోవడం సంగతి ముందు చూద్దాం. ఆ ఆటలో పరుగు ఫెటీగ్‌ను, అంటే పాత్ర ఒంట్లోని ఓపికను హరిస్తుంది. ఓపిక తగ్గినకొద్దీ దెబ్బ గురి తప్పుతుంది, మంత్రం వికటిస్తుంది. మీరు సేడా నీన్ రేవు నుంచి ఒడ్డు వెంబడి పరిగెత్తుకుంటూ వచ్చి, ఓపికను చూపే పచ్చ గీత అడుగంటిన స్థితిలో ఆ బురద ఎండ్రకాయ మీద కత్తి ఎత్తుతున్నారు. కత్తి దాని డిప్ప మీదుగా వెళ్తున్నట్టే కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పడదు. ఒక్కసారి ఇలా చేసి చూడండి: శత్రువు దూరంలో కనిపించగానే పరుగు ఆపి నడవండి, గీత నిండేదాకా ఆగండి, అప్పుడు కొట్టండి. తేడా మీకే తెలుస్తుంది. దూర ప్రయాణాలకు సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు వాహనం ఆ ఊళ్ళోనే ఉంది. కొద్దిపాటి డబ్బుతో బాల్మోరా చేరవచ్చు.

మొదట్లో కాళ్ళు ఇంత బరువుగా ఉండడం వల్లనే తర్వాత వచ్చే మార్పుకు విలువ వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఊరు దాటి కొంత దూరం వెళ్ళగానే ఆకాశం నుంచి ఒక కేక వినిపిస్తుంది, ఒక మాంత్రికుడు మీ కళ్ళెదుటే నేలను గుద్దుకుని చనిపోతాడు. అతని దగ్గర మూడు పత్రాలు దొరుకుతాయి. ఒక్కొక్కటి మీ అక్రోబాటిక్స్‌ను 7 సెకన్లపాటు 1000 పాయింట్లు పెంచుతుంది. చదివి దూకితే కొండలూ ఊళ్ళూ కాళ్ళ కింద చిన్నవైపోతాయి. గాలిలో ఉండగానే ఆ ఏడు సెకన్లూ అయిపోతాయి, దిగేటప్పుడు మీవి మళ్ళీ మామూలు కాళ్ళు. ఆ మాంత్రికుడు పడింది అందుకే. నేల తాకేముందు రెండో పత్రం చదవాలి, లేదా నీటిలో పడేలా చూసుకోవాలి. ఈ సంగతిని ఆ ఆట ఎక్కడా పాఠంలా చెప్పదు. ఒక మనిషి పతనాన్ని చూపించి, మిగతాది మన ఆలోచనకు వదిలిపెడుతుంది.

కాల్డెరా ఊరికి దగ్గరి దారిలో దొరికే ‘బూట్స్ ఆఫ్ బ్లైండింగ్ స్పీడ్’ కూడా ఇలాంటివే. స్పీడ్‌ను 200 పెంచుతాయి, తొడుక్కున్నంతసేపూ కళ్ళు కనపడనివ్వవు. బ్రెటన్ జాతి పాత్రకు పుట్టుకతోనే మంత్రాలను సగం తట్టుకునే శక్తి ఉంటుంది కాబట్టి చీకటి సగమే కమ్ముతుంది. మంత్ర నిరోధాన్ని క్షణంపాటు పూర్తిగా పెంచుకుని, ఆ క్షణంలో బూట్లు తొడుక్కుంటే చీకటి అసలు ఉండదు. దీన్ని కొందరు మోసమంటారు. ఆట నియమాలను శ్రద్ధగా చదివినవారికి దక్కిన ఫలమని నేను అంటాను.

ప్రశ్న: ‘స్కైరిమ్’లో అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్ రెండూ ఎందుకు లేవు? ఆటను సులువు చేయడానికి లోతును బలి పెట్టారని మా మిత్రబృందంలో వాదన నడుస్తోంది.
– బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జవాబు: ‘మారోవిండ్’, ‘ఆబ్లివియన్’, ‘స్కైరిమ్’ మూడూ ‘ఎల్డర్ స్క్రోల్స్’ అనే ఒకే పరంపరలోవి. ఆ పరంపరను వరుసగా చూస్తే విషయం తేటపడుతుంది. 1996 నాటి ‘డాగర్‌ఫాల్’లో పరుగు, దూకడం, ఎక్కడం, ఈత దేనికది వేరే స్కిల్. ‘మారోవిండ్’ నాటికి అవి అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్ అనే రెండింటిలో కుదురుకున్నాయి. 2011లో ‘స్కైరిమ్’ వచ్చేసరికి ఆ రెండూ పోయాయి. స్కిల్స్ 18కి, లక్షణాలు ఆరోగ్యం, మ్యాజికా (మంత్రశక్తి), స్టామినా (ఓపిక) అనే మూడింటికి తగ్గాయి. పేర్లు పోయిన మాట నిజమే గాని పని మొత్తంగా పోలేదు. దౌడు తీయడానికి స్టామినా ఖర్చవుతుంది కాబట్టి లెవెల్ వచ్చినప్పుడు స్టామినాను ఎంచుకున్నవారు ఎక్కువసేపు దౌడు తీస్తారు. నక్కి నడిచే స్కిల్ 50 దాటితే చప్పుడు లేకుండా దొర్లే పెర్క్, అంటే ఎంచుకుని తీసుకునే ప్రత్యేక సామర్థ్యం, తీసుకోవచ్చు. బరువు కవచంలో ఎత్తు నుంచి పడినప్పుడు దెబ్బను సగం చేసే పెర్క్ ఉంది, కవచం బరువు నడకను లాగకుండా చేసేది మరొకటి ఉంది. ఏడు వేల మెట్ల పైనున్న మఠంలో గ్రేబియర్డ్స్ అనే సన్యాసులు నేర్పే ‘వర్ల్‌విండ్ స్ప్రింట్’ అనే అరుపు మంత్రంతో మూసుకుపోతున్న తలుపులోంచి కూడా దూసుకుపోవచ్చు. ఊరికే దూకితే వచ్చే అంకెను తీసేసి, ఎంచుకుంటేనే వచ్చే సామర్థ్యాలను అక్కడక్కడా పంచారన్నమాట. ఆ మేరకు నేను ఆ మార్పును సమర్థిస్తాను.

మీ మిత్రుల బాధలోనూ న్యాయముంది. ‘స్కైరిమ్’లో ఎత్తుగా దూకగలిగే పాత్ర అంటూ లేదు. నూరు గంటలు ఆడిన వీరుడూ, ఆట మొదట్లో బండి దిగిన ఖైదీ కూడా ఒకే గోడ ముందు ఆగిపోతారు. కొండ ఎక్కాలంటే గుర్రాన్ని నిటారుగా ఉన్న రాళ్ళ మీదికి అదిలించడమే అందరికీ దారి. ఈ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్ళు. ‘జెల్డా’ ఆటలో కొండ సగం ఎక్కుతాడు, పడతాడు, మళ్ళీ ఎక్కుతాడు. గంటల తరబడి ఇదే. చూసే నాకు విసుగొస్తోంది గాని వాడికి రావడం లేదు. అది ఆటలో లోపమా, మావాడిలో లోపమా?
– ఉపాధ్యాయురాలు, గుంటూరు

జవాబు: రెండింటిలోనూ లోపం లేదమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి అది 2017లో వచ్చిన ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ అనుకుంటున్నాను. అందులో దాదాపు ప్రతి కొండా ఎక్కవచ్చు, అడ్డు వచ్చేది పాత్ర ఓపిక ఒక్కటే. ఆ ఓపికను పచ్చని చక్రంలా తెర మీద చూపిస్తారు. మీ అబ్బాయి ఎక్కుతుండగా ఈసారి పక్కన కూర్చుని ఆ చక్రాన్ని చూడండి. పట్టు మార్చినప్పుడల్లా కొంచెం తరుగుతుంది, పైకి ఎగిరి పట్టుకుంటే ఒక్కసారిగా పెద్ద ముక్క పోతుంది, చివర ఎర్రగా మెరుస్తుంది. అప్పుడు వాడి కళ్ళు చక్రం మీద ఉండవు. కాలు మోపి నిలబడడానికి వీలైన చిన్న అరుగు కోసం రాతిని గాలిస్తుంటాయి. వాన మొదలైతే నాలుగైదు పట్లకొకసారి కాలు జారుతుంది. అలాంటప్పుడు ఏ రాతి చూరు కిందనో ఆగి వాన వెలిసేదాకా ఎదురుచూడాలా, ఇంకో వైపు నుంచి ప్రయత్నించాలా అని వాడే తేల్చుకోవాలి. మీకు ఒకే పని పదిసార్లు చేస్తున్నట్టు కనిపిస్తున్నా, వాడు ఎక్కిన ప్రతిసారీ దారి వేరై ఉండవచ్చు.

ఒక సలహా వాడికి పనికొస్తుంది. ఆ ఆటలోని 120 మందిరాల్లో ఒక్కొక్కటి పూర్తిచేస్తే ఒక్కో గోళం వస్తుంది. నాలుగు గోళాలిచ్చి ప్రాణాన్ని సూచించే గుండె గుర్తు గాని, చక్రంలో ఐదో వంతు గాని తీసుకోవాలి. అన్ని మందిరాలూ ముగించినా రెండూ పూర్తిగా నిండవు. కాబట్టి ఏది తీసుకున్నా రెండోదాన్ని కొంత వదులుకున్నట్టే. మొదట్లో చక్రాన్నే పెంచుకోమని చెప్పండి, పెద్ద శత్రువుల జోలికి వెళ్ళకుండా లోకమంతా చూసే వీలు కలుగుతుంది. తర్వాత మాస్టర్ స్వోర్డ్ అనే ఖడ్గం కోసం 13 గుండెలు కావాలి. అప్పుడు హాటెనో ఊరిలో ఉన్న కొమ్ముల విగ్రహం కొద్దిపాటి రుసుముకు చక్రాన్ని గుండెలుగా మార్చి ఇస్తుంది. ఓపికనిచ్చే పుట్టగొడుగులు వండి దగ్గర ఉంచుకుంటే కొండ మధ్యలో వేలాడుతూ కూడా తినవచ్చు.

ప్రశ్న: ఫోనులో ‘గెన్‌షిన్ ఇంపాక్ట్’ ఆడుతుంటాను. స్టామినా చాలక ఈదుతూ మునిగిపోతున్నాను. పాత్రల లెవెల్ పెంచితే స్టామినా పెరుగుతుందా?
– ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: పెరగదు. ఆ ఆటలో స్టామినా జట్టు మొత్తానికీ ఉమ్మడి సొత్తు, పాత్రల లెవెల్‌తో దానికి సంబంధం లేదు. మొదట 100 ఉంటుంది. మోండ్‌స్టాట్‌లో, లియూయేలో చెల్లాచెదురుగా ఉన్న ఆక్యులస్ అనే మెరిసే రాళ్ళను ఏరి, ఆయా ప్రాంతాల్లోని సప్తదేవతల విగ్రహాలకు సమర్పిస్తే 240 దాకా చేరుతుంది. కాబట్టి కొత్త ప్రాంతాలకు తొందరపడకుండా ముందు ఈ రెండింటినీ గాలించండి. ఆటే ఉచితంగా ఇచ్చే పాత్రల్లో కాయా జట్టులో ఉంటే దౌడుకు, ఆంబర్ ఉంటే గాలిలో తేలడానికి అయ్యే స్టామినా 20 శాతం తగ్గుతుంది. ఎదుగుదలను కొట్లాటకు కాకుండా వెతుకులాటకు ముడిపెట్టిన పద్ధతి ఇది. మెచ్చుకోదగినది.

ప్రశ్న: ‘ఎల్డెన్ రింగ్’లో నా పాత్ర దొర్లితే మూట దొర్లినట్టు ఉంది. తప్పించుకోలేకపోతున్నాను.
– ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీ మీద బరువు ఎక్కువైంది. మోయగల బరువులో 30 శాతం లోపు ఉంటే తేలికగా, 70 శాతం లోపు ఉంటే మామూలుగా, అది దాటితే మీరు చెప్పినట్టు దొర్లుతారు. ముందుగా వాడని రెండో ఆయుధాన్ని చేతి నుంచి తీసేయండి, శిరస్త్రాణమో ఛాతీ కవచమో తేలికపాటిది వేయండి. 70 కిందికి దిగగానే తేడా కనిపిస్తుంది. ఎండ్యూరెన్స్ పెంచితే స్టామినాతోపాటు మోసే శక్తీ పెరుగుతుంది, మోసే శక్తిని పెంచే ఆర్సెనల్ చార్మ్ అనే తాయెత్తు కూడా ఉంది. ఆ పాయింట్లు ఖర్చు పెట్టేముందు కవచం మార్చి చూడడం మేలు.

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి చిన్న ఓపెన్ వరల్డ్ గేమ్ తయారు చేస్తున్నాం. ఎంత నడిస్తే అంత వేగం పెరిగేలా పెట్టాలనుకున్నాం. మీ అభిప్రాయం, అది పనిచేస్తుందో లేదో పరీక్షించే పద్ధతి చెప్పగలరా?
– గేమ్ డిజైన్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీ ఉత్సాహానికి అభినందనలు. సూటిగా చెప్పాలంటే, అడుగుల్ని లెక్కపెట్టవద్దు. అడుగుకు పాయింటు ఇస్తే ఆడేవారు బటన్ మీద ఏదో బరువు పెట్టి, పాత్రను గోడకేసి పరిగెత్తించి నిద్రపోతారు. ‘మారోవిండ్’, ‘ఆబ్లివియన్’ రోజుల్లో ఇలా చేసినవారిని నేను చాలామందిని ఎరుగుదును. అది వారి తప్పు కాదు, ఆట దేనికి ప్రతిఫలమిస్తే వారు అదే చేశారు. దానికి బదులు మునుపెన్నడూ వెళ్ళని చోటికి మొదటిసారి చేరినప్పుడు ఇవ్వండి, కొత్త శిఖరం ఎక్కినప్పుడు ఇవ్వండి. ఒక చోటుకు ఒక్కసారే ఇవ్వండి.

వేగం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పాత్ర వేగం రెట్టింపైతే మీరు కష్టపడి కట్టిన లోకం సగానికి కుంచించుకుపోతుంది. పది నిమిషాల అడవి ఐదు నిమిషాలదవుతుంది, అందులో మీరు దాచిన గుడి గంట ఎవరికీ వినిపించదు. ఎత్తుకు కూడా ఇదే వర్తిస్తుంది. ‘ఆబ్లివియన్’లో పట్టణాలను ప్రాకారాల లోపల విడి ప్రదేశాలుగా నిర్మించారు, గోడ మీదుగా వెళ్ళినా లోపలి అసలు పట్టణం అక్కడ దొరకదు, అందుకే ‘మారోవిండ్’లో ఉన్న గాలిలో తేలే మంత్రం అందులో కనిపించదు. మీ పాత్ర ఆట చివరికి గరిష్ఠంగా ఎంత ఎత్తు దూకుతుందో, ఎంత దూరం తేలుతుందో మొదటి గోడ గీయకముందే నిర్ణయించుకుని కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. ‘సైబర్‌పంక్ 2077’లో కాళ్ళకు అమర్చుకునే పరికరంతో గాలిలో రెండోసారి ఎగరవచ్చు, అమర్చుకున్న క్షణం నుంచి వీధిలో మీరు చూసేది తలుపుల్ని కాదు, మేడల అంచుల్ని. శాతాల్లో మెల్లగా పెరిగే వేగం కంటే ఇలాంటి ఒక్క మార్పు మీ ముగ్గురి చిన్న ఆటకు ఎక్కువ సరిపోతుంది, పరీక్షించడమూ తేలిక.

పరీక్ష ఎలా చేయాలో కూడా అడిగారు. మొదటి ఊరిలో, అందరికీ కనిపించేచోట, అందీ అందని ఎత్తులో ఒక మిద్దె గోడ పెట్టండి. దాని మీద పెద్ద బహుమతి ఏదీ అక్కర్లేదు, ఒక పిట్టగూడు పెట్టినా చాలు. మీ ఆట గురించి ఏమీ తెలియని ఒకరిని కూర్చోబెట్టి ఆడించండి, మీరు నోరు విప్పకండి. దూకే శక్తి పెరిగాక ఎవరూ చెప్పకుండానే ఆ మనిషి మొదటి ఊరికి తిరిగి వచ్చి ఆ గోడ ఎక్కితే, మీరు పెట్టిన ఎదుగుదల పనిచేస్తున్నట్టే. రాకపోతే అంకెలు సవరించడం ఆపి, ఆ గోడను ఎక్కడ కట్టారో మరొకసారి చూడండి.